కాఫీ ఎస్టేటు కూలికి వెళ్లే ఆడవాళ్లు: బెంగళూరు తెలుగు కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

నవంబరు వచ్చిందంటే చిక్కమగళూరు, హాసన్, కొడగు వైపు కాఫీ కోత మొదలవుతుంది. ముందు అరబికా రకం, తర్వాత రోబస్టా రకం, అలా మార్చి దాకా పని ఉంటుంది. అనంతపురం, కర్నూలు, చిత్తూరు జిల్లాల నుంచి బెంగళూరు వచ్చి ఇళ్లపనో బేల్దారి పనో చేసుకునే కుటుంబాల్లో "ఈసారి ఎస్టేటుకి పోదామా" అనే మాట అప్పుడే లేస్తుంది. దాని వెంట అవే సందేహాలు: కూలి ఎంత, పిల్లలెట్లా, డబ్బు ఎవరి చేతికొస్తుంది, చివరికి ఆడమనిషికి మిగిలేదేంటి. అడిగినవాళ్ల మాటల్లోనే ప్రశ్నలు పెట్టి ఇక్కడ జవాబులు రాశాం. ఏది అవసరమైతే అది మాత్రమే చదువుకోవచ్చు.

## వెళ్లాలా వద్దా అనుకుంటున్నప్పుడు

నాలుగు డబ్బులు సంపాదిస్తే ఇంట్లో నా మాటకి విలువ పెరుగుతుందా?

పెరగొచ్చు, కానీ కూలి రాగానే దానంతట అదే పెరగదు. మూడు విషయాలు చూసుకోండి. ఎస్టేటు చెక్‌రోల్లో (రోజువారీ హాజరు, పని రాసే పుస్తకంలో) మీ పని ఎవరి పేరున రాస్తున్నారు? కూలి ఎవరి ఖాతాలో పడుతోంది? బయల్దేరక ముందు తీసుకున్న అడ్వాన్సు ఎవరు ఖర్చుపెట్టారు? ఈ మూడింట్లోనూ మీ పేరు లేకపోతే పొద్దున్నించి సాయంత్రం దాకా కాయ కోసినా ఇంట్లో దాన్ని "మా ఆయనకి సాయం చేసింది" అనే అంటారు. మూడింట్లో రెండు మీ పేరున ఉన్నా పిల్లల ఫీజు, ఆస్పత్రి ఖర్చు, పుట్టింటికి వెళ్లిరావడం లాంటి వాటి గురించి మీతో మాట్లాడకుండా నిర్ణయించడం కష్టమవుతుంది.

ఇంకో సంగతి ఉంది. కోతకి వెళ్లే ఆడమనిషి తెల్లారకముందే లేచి వంట, నీళ్లు చూసుకుని తోటకి వెళ్తుంది, వచ్చాక మళ్లీ పొయ్యి దగ్గరే. ఆమె కూలికి వెళ్తున్నా ఇంటిపనిలో ఎవరూ చేయి వేయకపోతే ఆమెకి దక్కేది రెట్టింపు చాకిరీయే. వెళ్లేముందే నీళ్లు ఎవరు తేవాలి, కట్టెలు ఎవరు తేవాలి అని మాట్లాడుకున్న జంటలకి ఈ గొడవ తక్కువ.

బెంగళూరులో ఇళ్లపని మేలా, ఎస్టేటు మేలా?

చేతికి మిగిలేది లెక్కేయండి. ఎస్టేటు లైన్ ఇంట్లో (కూలీల కోసం యజమాని వరసగా కట్టించిన ఇళ్లలో) అద్దె ఉండదు, ఖర్చు పెట్టించే వీధులూ ఉండవు, కాబట్టి నాలుగు నెలల్లో ఒక మొత్తం పోగవుతుంది. మరోవైపు, బెంగళూరులో రెండు మూడు ఇళ్లు వదిలి వెళ్తే తిరిగొచ్చేసరికి ఆ ఇళ్లు ఉండవు. స్థిరంగా నాలుగిళ్ల పని ఉన్న మనిషి దాన్ని వదులుకుని కోతకి వెళ్లడం మంచిది కాదని మా అభిప్రాయం. పని దొరకడమే కష్టంగా ఉన్నవాళ్లకి, అప్పు ఒక్కసారి తీర్చాల్సినవాళ్లకి కోత కాలం కలిసొస్తుంది.

మేస్త్రి (కూలీల జట్టుని కుదిర్చి తీసుకెళ్లేవాడు) 20 వేలు అడ్వాన్సు ఇస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?

తీసుకోకుండా వెళ్లగలిగితే అంతకన్నా మంచిది లేదు. కోతకి వెళ్లిన ఆడవాళ్ల కష్టాల్లో చాలా వాటికి మూలం ఈ అడ్వాన్సే. డబ్బు మగవాళ్ల చేతికిస్తారు, పనితో తీర్చేది ఇద్దరూ. అది తీరేదాకా రేటు తక్కువైనా, మాట పడినా కదలలేరు.

తీసుకోక తప్పదంటే ఇలా చేయండి. ఎంత ఇచ్చారో, నెలకి ఎంత పట్టుకుంటారో కాగితం మీద రాయించి ఫోటో తీసుకోండి. మొత్తంలో మీ వాటా మీ ఖాతాలో వేయమనండి. దారి ఖర్చులకని ఇచ్చిన డబ్బుని కూలిలో పట్టుకోవడానికి చట్టం ఒప్పుకోదు, కాబట్టి బస్సు చార్జీని అడ్వాన్సులో కలపనివ్వకండి. కూలిలోంచి పట్టుకునేవన్నీ కలిపినా ఒక విడత కూలిలో సగానికి మించకూడదు. అప్పు తీరలేదని కదలనివ్వకపోవడం, ఆధార్ కార్డు లాక్కోవడం లాంటివి జరిగితే అది వెట్టిచాకిరీ కిందికి వస్తుంది. 1976 నుంచి అది నేరం. ఫిర్యాదు తహసీల్దారుకో జిల్లా కలెక్టరుకో ఇవ్వాలి.

ఏమేం కాగితాలు, సామాను తీసుకెళ్లాలి?

ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం, రేషన్ కార్డు నకలు, పిల్లల టీకా కార్డు, బడి కాగితాలు. ఆంధ్రా రేషన్ కార్డు మీద కర్ణాటక రేషన్ షాపులోనూ బియ్యం తీసుకోవచ్చు, కానీ కార్డులో మీ పేరుకి ఆధార్ అనుసంధానమై ఉండాలి. మీ వాటా మీరు ఇక్కడ తీసుకున్నా ఊళ్లో ఉన్నవాళ్ల వాటా వాళ్లకి అక్కడ వస్తుంది.

మలనాడు (ఈ కాఫీ కొండల ప్రాంతం) చలి బెంగళూరు చలి లాంటిది కాదు, మనిషికో మంచి దుప్పటి ఉండాలి. పొడుగు చేతుల పాత చొక్కాలు రెండు, మందపు సాక్సులు, బూట్లు, తలకి గుడ్డ, టార్చి, సరిపడా ప్యాడ్లు కూడా పెట్టుకోండి. ఎస్టేటు పక్కన కొట్టు ఉంటుందని అనుకోవద్దు.

కొడగు బస్సులు మైసూరు రోడ్డు శాటిలైట్ బస్టాండు నుంచి, చిక్కమగళూరు బస్సులు మెజెస్టిక్ నుంచి బయల్దేరతాయి. కర్ణాటకలో ఆడవాళ్లకి 2023 జూన్ నుంచి ఉన్న ఉచిత బస్సు ఇక్కడి చిరునామా ఉన్నవాళ్లకే. మీ ఆధార్‌లో ఆంధ్రా చిరునామా ఉంటే టికెట్ డబ్బు దగ్గర పెట్టుకోండి.

## చేరిన మొదటి వారం

మా ఆయనా నేనూ ఒకే వరసలో కోస్తాం. తూకం ఆయన పేరున రాస్తే నష్టమేంటి?

ఈ ఒక్క అలవాటు వల్ల జరిగేంత నష్టం ఇంకేదాని వల్లా జరగదు. కాఫీ కోతలో కూలి చాలా చోట్ల కిలోల లెక్క. సాయంత్రం ఇద్దరి పండూ ఒకే సంచిలో పోసి తూస్తారు. రైటరు (ఎస్టేటులో లెక్క రాసే మనిషి) పుస్తకంలో ఒకే పేరు పడుతుంది, అది మగవాళ్ల పేరు.

అలా రాస్తే కాగితం మీద మీరు ఆ ఎస్టేటులో పనే చేయనట్టు. పీఎఫ్ జమ కాదు. బోనసు లెక్కలోకి రారు. ప్రసూతి సెలవుకి కావాల్సిన 80 రోజుల హాజరు ఉండదు. తోటలో చేయి విరిగినా పరిహారం అడగడానికి ఆధారం ఉండదు. ఇంట్లో అయితే మీరు కోసింది ఎంతో మీకే తెలియదు.

అందుకని మొదటి రోజే సంచులు వేరు చేయండి. మీ సంచి మూతికి రంగు గుడ్డ ముక్క కట్టండి, తారుమారు కాదు. మీ పేరున వేరే గీత ఉండాలని రైటరుకి చెప్పండి. ఇద్దరు కలిసి కోస్తే వేగంగా అవుతుందనేది నిజమే, వరస కలిసే పట్టండి. సంచులు మాత్రం వేరుగా ఉండాలి.

తూకంలో ఎక్కడ పోతుంది?

మూడు చోట్ల. మొదటిది గోనె సంచి బరువు. ఖాళీ సంచి మామూలుగా కిలో లోపే ఉంటుంది, తరుగు మాత్రం రెండు మూడు కిలోలు తీస్తుంటారు. ఉదాహరణకి కిలోకి 5 రూపాయలు ఒప్పుకున్నారనుకోండి. రోజుకి రెండు సంచులు, సంచికి 2 కిలోలు అదనంగా తీస్తే రోజుకి 20 రూపాయలు పోయినట్టు. 60 రోజులకి 1,200. ఖాళీ సంచిని ఒకసారి మీ ఎదుటే తూచమని అడిగితే ఆ గొడవ అక్కడితో ఆగుతుంది.

రెండోది పచ్చికాయ. పండినవి మాత్రమే కోయమని చెప్పి, పచ్చివి కలిశాయని మొత్తం సంచి మీద తరుగు తీస్తారు. తూకానికి ముందు టార్పాలిన్ మీద పోసి పచ్చివి, ఆకులు ఏరేయండి, పది నిమిషాల పని. మూడోది మసక వెలుతురు. చీకటి పడ్డాక తూస్తే ముల్లు కనపడదు. టార్చి వేసి చూసి, అంకె పైకి చదివించుకుని, మీ చిన్న నోటుబుక్కులో అప్పుడే రాసుకోండి. తేదీ, కిలోలు చాలు. రైటరు పుస్తకంతో తేడా వస్తే మాట్లాడటానికి అదే ఆధారం.

కిలోల లెక్క అయితే బాగా కాసిన తోట ఇస్తేనే లాభం. కాపు పలచగా ఉన్న చోట, కోత చివర్లో రాలిన గింజలు ఏరేటప్పుడు గిట్టదు. ఆ రోజులకి రోజు కూలి ఇమ్మని ముందే మాట్లాడుకోండి. కర్ణాటక ప్రభుత్వం ప్లాంటేషన్ పనికి కనీస వేతనం ప్రకటిస్తుంది, ఏటా ఏప్రిల్లో కరువు భత్యం మారుతుంది. ఆ ఏటి రేటు లేబర్ ఆఫీసులో అడిగి తెలుసుకుని వెళ్లండి.

నాకు కన్నడం రాదు. ఎలా అడగాలి?

బెంగళూరులో కొన్నాళ్లున్నవాళ్లకి ఎంతో కొంత అర్థమవుతుంది. రెండు వాక్యాలు నోటికి పెట్టుకోండి. "నన్న హెసరల్లి బరెయిరి" అంటే నా పేరున రాయండి అని. "ఎష్టు కేజీ ఆయ్తు" అంటే ఎన్ని కిలోలైంది అని. ఈ రెండూ రోజూ అడిగితే మీరు లెక్క చూసుకుంటున్నారని రైటరుకి తెలుస్తుంది.

చిన్నపిల్లలున్నారు. పెద్దమ్మాయిని బడి మాన్పించి చూసుకోమంటే?

దయచేసి ఆ పని చేయకండి. అమ్మ కూలి కోసం కూతురి చదువు ఆగిపోతే ఆ ఇంట్లో ఆడవాళ్ల పరిస్థితి ఒక తరం వెనక్కి పోయినట్టే. నాలుగు నెలలు మానిన పిల్ల మళ్లీ బడికి వెళ్లడం చాలా కష్టం.

50 మందికి పైగా పనిచేసే చోట శిశుసంరక్షణ కేంద్రం ఉండాలి, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డని చూసి రావచ్చు. పెద్ద ఎస్టేట్లలో ఇవి ఉంటాయి, వెళ్లకముందే అడగండి. లేకపోతే దగ్గరి అంగన్‌వాడీలో 6 ఏళ్లలోపు పిల్లల్ని చేర్చుకోవాలి, వలస వచ్చారని కాదనకూడదు. బడి వయసు పిల్లల్ని ఊళ్లో అవ్వా తాతల దగ్గరో, వలస కుటుంబాల కోసం ఆంధ్రాలో నడిపే సీజనల్ హాస్టల్లోనో ఉంచడం మేలు. తెలుగు మీడియం పిల్లల్ని ఏడాది మధ్యలో కన్నడ బడిలో వేస్తే తరగతిలో కూర్చుంటారే గాని ఏమీ ఎక్కదు.

## పని నడుస్తున్నప్పుడు

మగవాళ్లకి ఎక్కువ కూలి ఎందుకు ఇస్తారు? అది చట్టమేనా?

ఒకే పనికి ఆడా మగా తేడాతో కూలి ఇవ్వడం 1976 నుంచి చట్టవిరుద్ధం, ఇప్పటి వేతనాల కోడ్‌లోనూ అదే ఉంది. అందుకే తేడా నేరుగా కనిపించదు, పనుల పంపకంలో దాక్కుంటుంది. నీడచెట్ల కొమ్మలు నరకడం, నిచ్చెనెక్కి మిరియాలు కోయడం, పురుగుమందు కొట్టడం మగవాళ్ల పనులని పెట్టి వాటికి ఎక్కువ రేటు ఇస్తారు. కలుపు, చిగుళ్లు తుంచడం, రాలిన గింజ ఏరడం, కళ్లంలో ఎండబెట్టి తిరగేయడం ఆడవాళ్లకి ఇస్తారు, వాటికి తక్కువ. రోజంతా వంగి గింజ ఏరడం చిన్న పనేమీ కాదు. కాఫీ మొక్కల కొమ్మలు కత్తిరించడం మాత్రం నేర్చుకుంటే ఆడవాళ్లు చక్కగా చేస్తారు. ఏ కొమ్మ వచ్చే ఏడు కాస్తుందో గుర్తుపట్టే నేర్పు కావాలి, బలం కాదు. నేర్పించమని అడగండి, కోత అయిపోయాక కూడా పని దొరికే దారి అది.

తోటలో మరుగుదొడ్డి లేదు. నెలసరి రోజుల్లో ఎలా?

చాలామంది నీళ్లు తాగడం మానేస్తారు. దానివల్ల మూత్రంలో మంట, జ్వరం, మూడు రోజుల కూలి నష్టం. నీళ్లు తాగడం మానకండి. మరుగుదొడ్డి, తాగునీరు కల్పించడం యజమాని బాధ్యత. దూరపు గుట్ట మీద శాశ్వతంగా కట్టడం కుదరకపోతే నాలుగు కర్రలు, టార్పాలిన్‌తో మరుగు కట్టించమని ఆడవాళ్లంతా కలిసి అడగండి. పెద్దగా ఖర్చు లేని కోరిక, చాలా చోట్ల ఒప్పుకుంటారు.

మందు కొట్టే పనికి పిలుస్తున్నారు. వెళ్లొచ్చా?

గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. మిగతావాళ్లు గ్లవ్స్, మాస్కు, బూట్లు ఇస్తేనే వెళ్లండి. గాలికి ఎదురుగా కొట్టకూడదు. మందు కలిపిన డబ్బాలో నీళ్లు తెచ్చుకోకూడదు. ఆ బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకకూడదు.

ఏనుగులు, కోతుల జ్వరం అంటున్నారు. నిజమేనా?

రెండూ నిజమే. కొడగు, సకలేశపుర వైపు తోటల్లోకి ఏనుగులు వస్తాయి. తెల్లారకముందు, చీకటి పడ్డాక ఒంటరిగా నడవకండి. ఏనుగు తిరుగుతోందని అటవీ శాఖ వాళ్లు చెప్పిన రోజు ఆ బ్లాకుకి వెళ్లమని చెప్పడం తప్పు, కాదనే హక్కు మీకుంది.

కోతుల జ్వరం 1957లో శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో మొదట గుర్తించిన జబ్బు, అడవి పిడుదుల వల్ల వస్తుంది. చిక్కమగళూరు జిల్లాలోనూ ఉంది, ఎక్కువగా డిసెంబరు నుంచి మే దాకా. చచ్చిన కోతి కనిపిస్తే దగ్గరికి వెళ్లకుండా ఆశా కార్యకర్తకి చెప్పాలి. సాయంత్రం వేడినీళ్లతో స్నానం చేసి చంకలు, మోకాళ్ల వెనక, పిల్లల తలలో పిడుదులు చూసుకోవాలి. ఉన్నట్టుండి గట్టి జ్వరం, ఒళ్లునొప్పులు వస్తే మాత్రతో సరిపెట్టకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి ఎస్టేటులో పనిచేస్తున్నామని చెప్పండి.

మేస్త్రి చేయి వేస్తున్నాడు. చెప్తే పని పోతుందని భయం.

తప్పు మీది కాదు. 10 మందికి పైగా పనిచేసే ఎస్టేటులో పనిచోట లైంగిక వేధింపులపై వచ్చిన 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి. అది లేకపోయినా, యజమాని మీదే ఫిర్యాదైనా జిల్లా స్థానిక కమిటీకి ఇవ్వవచ్చు. జరిగిన 3 నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి, తెలుగులో రాసినా ఫరవాలేదు. రాయడం రాకపోతే కమిటీ వాళ్లే సాయం చేయాలి. తేదీ, చోటు, పక్కన ఎవరున్నారో వెంటనే రాసిపెట్టుకోండి. అత్యవసరమైతే 112, ఆడవాళ్ల సహాయానికి 181. ఉచితంగా లాయరు కావాలంటే 15100కి చేయండి. ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఈ సాయం ఇస్తారు.

కడుపుతో ఉన్నాను. సెలవు, డబ్బు వస్తాయా?

ప్రసవానికి ముందు 12 నెలల్లో 80 రోజులు ఆ యజమాని దగ్గర పనిచేసి ఉంటే మొదటి ఇద్దరు బిడ్డలకి 26 వారాలు, ఆ తర్వాతి బిడ్డకి 12 వారాలు జీతంతో సెలవు వస్తుంది. నవంబరు నుంచి మార్చి దాకా ఆదివారాలు పోగా వంద రోజులు దాటుతాయి, కాబట్టి ఒకే ఎస్టేటులో సీజనంతా చేసినవాళ్లు కూడా అడగవచ్చు. చెక్‌రోల్లో మీ పేరున హాజరు ఉండటమే ముఖ్యం. ప్రసవం గానీ గర్భస్రావం గానీ అయ్యాక 6 వారాలు పని చేయించకూడదు.

## డబ్బు చేతికొచ్చాక

కూలి "చివర్లో మొత్తం ఇస్తాం" అంటున్నారు. ఒప్పుకోవాలా?

వద్దు. వారం కూలి అయితే వారం చివరి పనిరోజున, నెల లెక్క అయితే మరుసటి నెల 7వ తేదీలోపు ఇవ్వాలి. పని మానేసినా, మాన్పించినా రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి. చివర్లో మొత్తం ఇస్తామంటే మధ్యలో మీరు కదలకుండా కట్టేసినట్టే. బకాయి పడితే జిల్లా లేబర్ ఆఫీసులో 3 ఏళ్లలోపు దావా వేయవచ్చు.

నాకు జన్‌ధన్ ఖాతా ఉంది, కానీ డబ్బు ఆయనే తీస్తాడు.

ఖాతా మీ పేరున ఉంటే చాలదు. దానికి ఎక్కించిన ఫోను నంబరు ఎవరిదో చూడండి. అది ఆయనదైతే డబ్బు పడ్డ మెసేజీ, ఓటీపీ ఆయనకే వెళ్తాయి. బ్యాంకుకి ఆధార్, పాసుపుస్తకంతో వెళ్లి మీ నంబరు ఎక్కించండి. మాట్లాడటానికి మాత్రమే వాడే బటన్ల ఫోనైనా సరిపోతుంది. ఏటీఎం పిన్ను మార్చుకోండి. ఇంట్లో గొడవవుతుందనుకుంటే ఒకేసారి అన్నీ మార్చొద్దు. ముందు మెసేజీలు మీ ఫోనుకి వచ్చేలా చూసుకోండి. ఎంత పడిందో తెలియడంతోనే మాట్లాడే తీరు మారుతుంది.

పీఎఫ్ పట్టుకుంటున్నారు. నాలుగు నెలల పనికి అదెందుకు?

20 మందికి పైగా ఉన్న ఎస్టేటులో మీ కూలి నుంచి 12 శాతం, యజమాని నుంచి మరో 12 శాతం జమ కావాలి. మీ యూఏఎన్ నంబరు (ఎక్కడ పనిచేసినా మారని పీఎఫ్ నంబరు) అడిగి తీసుకోండి. వచ్చే ఏడు వేరే ఎస్టేటుకి వెళ్లినా అదే నంబరు ఇవ్వాలి. కొత్త నంబరు తీస్తే పాత డబ్బు మూలన పడిపోతుంది. ఆధార్‌లో, పీఎఫ్‌లో పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారినవాళ్లకి డబ్బు తీసేటప్పుడు ఆగిపోయేది అక్కడే.

ఊళ్లో డ్వాక్రా సంఘంలో ఉన్నాను. నాలుగు నెలలు లేకపోతే?

సభ్యత్వం వదులుకోకండి, తక్కువ వడ్డీకి అప్పు పుట్టే చోటు అదొక్కటే. వెళ్లేముందు సమావేశంలో చెప్పి తీర్మానం పుస్తకంలో రాయించండి. పొదుపు, అప్పు కంతు ప్రతి నెలా ఫోన్‌పేలో సంఘం ఖాతాకే పంపండి, లీడరు సొంత ఖాతాకి వద్దు. వచ్చే ఏడు ఎస్టేటు అడ్వాన్సు బదులు ఈ అప్పుతో బయల్దేరితే మేస్త్రితో బేరం మీ చేతిలో ఉంటుంది.

## ఇంకాస్త ముందుకి

ఆడవాళ్లు మేస్త్రి, రైటరు కాలేరా?

అవ్వొచ్చు, ఏ చట్టమూ అడ్డు లేదు. లెక్క రాయగలిగి, పదిమందిని కూడగట్టగలిగితే ఆ పని చేసినట్టే. తూకం దగ్గర ఆడమనిషి ఉంటే మిగతా ఆడవాళ్లు భయం లేకుండా తమ కిలోలు అడుగుతారు. పదో తరగతి చదివిన అమ్మాయి జట్టులో ఉంటే ఆమెని తూకం పుస్తకం దగ్గర పెట్టమని ఎస్టేటు మేనేజరుని అడగండి.

మేం నలుగురం కలిసి అడిగితే ఏమైనా అవుతుందా?

2015 సెప్టెంబరులో కేరళలోని మున్నార్ టీ తోటల ఆడకూలీలు బోనసు 20 నుంచి 10 శాతానికి తగ్గించారని రోడ్డెక్కారు. ఎక్కువమంది తమిళ కుటుంబాలవాళ్లు. మగ నాయకుల యూనియన్లని పక్కనపెట్టి పెంబిళై ఒరుమై పేరుతో తామే నిలబడ్డారు. తొమ్మిది రోజులకి బోనసూ అదనపు మొత్తమూ కలిపి 20 శాతం సాధించారు. రోజు కూలి 232 నుంచి 500 చేయాలన్న కోరిక మాత్రం 301 దగ్గర ఆగింది. వాళ్లు ఏళ్లుగా ఒకే చోట ఉన్న కూలీలు. సీజనుకి వచ్చే జట్టుకి అంత బలం ఉండదు, కానీ కోత ముమ్మరంగా ఉన్న వారాల్లో పండు చెట్టు మీద ఎండిపోతుందనే తొందర యజమానికి ఉంటుంది. అడగాల్సినవి ఆ వారాల్లోనే అడగాలి, అందరూ కలిసి ఒక కాగితం మీద రాసి.

అరకులో ఆడవాళ్లూ కాఫీ చేస్తారుగా, వాళ్లకీ మాకూ తేడా ఏంటి?

అక్కడ పెద్ద ఎస్టేట్లకన్నా గిరిజన కుటుంబాల చిన్న తోటలే ఎక్కువ. 2019లో అరకు అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చే పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలి. కోసిన పండు తనదే కాబట్టి ఎప్పుడు అమ్మాలి, ఎవరికి అమ్మాలి అనే మాటలో ఆమెకి చోటుంటుంది. కొడగులో కూలికి అది లేదు, తోటతో పాటు లైన్ ఇల్లు కూడా యజమానిదే. అందుకే కోతలో మిగిలిన డబ్బు ఊళ్లో మీ పేరున ఉండేదానిలో పెట్టండి: పాడి పశువు, కుట్టు మిషను, సెంటున్నర ఇంటిస్థలం, ఏదైనా. రిజిస్ట్రేషన్ కాగితంలో మీ పేరు మీరే చదివి చూసుకోండి, రాకపోతే చదివించుకోండి.

సీజను అయిపోయింది. బయల్దేరేముందు ఏం తీసుకోవాలి?

మీ పేరున ఉన్న మొత్తం కిలోలు, హాజరు రోజులు, పట్టుకున్న అడ్వాన్సు రాసిన లెక్క చీటీ, ఎస్టేటు సంతకంతో. పీఎఫ్ యూఏఎన్. 30 రోజులు పైబడి పనిచేసినవాళ్లకి కనీసం 8.33 శాతం బోనసు వర్తిస్తుంది, ఎప్పుడు వేస్తారో అడిగి తేదీ రాసుకోండి. బోనసు తర్వాతెప్పుడో పడుతుంది కాబట్టి ఖాతా నంబరు, ఫోను నంబరు ఎస్టేటు ఆఫీసులో సరిగా ఉన్నాయో లేదో బస్సెక్కకముందే చూసుకోండి.